సిద్ధార్థుని ఆగ్రహం: ‘ప్రతిద్వంద్వి’లోని ఒక ఘట్టం, దాని చరిత్ర

భారతీయ చలనచిత్ర చరిత్రలో 1970వ సంవత్సరానికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. సునీల్ గంగోపాధ్యాయ నవల ఆధారంగా సత్యజిత్ రాయ్ రూపొందించిన ‘ప్రతిద్వంద్వి’ ఆ సంవత్సరమే వెలువడింది. ఉత్తమ దర్శకత్వానికీ, ఉత్తమ చిత్రానువాదానికీ, ద్వితీయ ఉత్తమ కథాచిత్రానికీ జాతీయ పురస్కారాలు పొందిన ఈ చిత్రం ఆ తరువాత వచ్చిన ‘సీమాబద్ధ’ (1971), ‘జన అరణ్య’ (1976) చిత్రాలతో కలిసి ‘కలకత్తా త్రయం’గా ప్రసిద్ధి చెందింది. అర్ధశతాబ్ది గడిచిన తరువాత కూడా ఈ చిత్రాన్ని తలచుకున్నవారికి ముందుగా గుర్తుకు వచ్చేది ఒకే ఘట్టం. ఉద్యోగపరీక్షకు వచ్చి గంటల తరబడి నడవలో నిలబడిన సిద్ధార్థుడు హఠాత్తుగా గదిలోకి దూసుకువెళ్లి, ప్రశ్నలడిగే పెద్దల ముందున్న బల్లను తలక్రిందులు చేస్తాడు. అంతవరకు మితభాషి, ఆలోచనాపరుడు, సంశయాత్ముడు అయిన యువకుడు ఒక్క క్షణంలో హింసకు దిగటాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? అది మతి చలించిన వాని చేష్టా? రాజకీయ తిరుగుబాటా? లేక ఈ రెండూ కాని మరొకటా? చిత్రం విడుదలైననాటి నుంచీ విమర్శకులను వేధిస్తున్న ప్రశ్న ఇది.

ఆ యువకుడు, ఆ నగరం

సిద్ధార్థుడు వైద్య విద్యార్థి. తండ్రి మరణంతో చదువు మధ్యలోనే ఆగిపోతుంది. ఆ మరణదృశ్యాన్ని రాయ్ తెలుపు నలుపులను తారుమారు చేసి, ఛాయాపటపు నెగటివ్ రూపంలో చూపిస్తారు. ఒక కుటుంబపు వెలుగు చీకటిగా మారిన సంగతి మాటలతో పనిలేకుండానే ప్రేక్షకునికి తెలుస్తుంది. తల్లి, సంపాదిస్తున్న చెల్లెలు సుతప, నక్సలైటు ఉద్యమంలోకి వెళ్లిన తమ్ముడు టునూ, వీరి మధ్య ఏ పనీ లేని అన్నగా సిద్ధార్థుడు మిగులుతాడు. చెల్లెలి జీతంతో ఇల్లు గడుస్తుంది. ఆమెకూ ఆమె పై అధికారికీ గల సంబంధం గురించి ఇంట్లో గుసగుసలు మొదలవుతాయి. తమ్మునికి ఒక సిద్ధాంతం ఉంది, చెల్లెలికి ఒక ఉద్యోగం ఉంది. అన్నకు ఉన్నవి ప్రశ్నలు మాత్రమే.

ఈ ఇంటి వెనుక ఒక నగరం ఉంది. దేశవిభజన నాటి నుంచి తూర్పు బెంగాలు నుంచి తరలివచ్చిన శరణార్థులతో కిక్కిరిసిన కలకత్తా 1966 తరువాతి పారిశ్రామిక మాంద్యంలో ఉపాధిని కోల్పోయింది. ఇంజనీరింగు కర్మాగారాలు మందగించాయి. 1967 మే నెలలో ఉత్తర బెంగాలులోని నక్సల్బరీలో రైతుల తిరుగుబాటు జరిగింది. 1967లోను, మరల 1969లోను ఏర్పడిన ఐక్య సంఘటన ప్రభుత్వాలు నిలువలేదు. 1970 మార్చిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. కళాశాలలు మూతపడటం, వీధులలో బాంబులు పేలటం, యువకులు కనిపించకుండా పోవటం ఆ రోజులలో నగరవాసులకు అలవాటైన విషయాలు. రాయ్ తన ఛాయాగ్రాహకులతో కలిసి ఈ వీధులలోకే వెళ్లారు. చేత పట్టుకున్న కెమెరాతో, బస్సుల రద్దీలో, ఎండలో చిత్రీకరించిన దృశ్యాలు ఆయన పూర్వచిత్రాల నిశ్చలతకు అలవాటుపడిన ప్రేక్షకులకు ఆశ్చర్యం కలిగించాయి.

తెలుగు పాఠకులకు ఈ వాతావరణం అపరిచితమైనది కాదు. నక్సల్బరీ జరిగిన సంవత్సరమే శ్రీకాకుళం కొండలలో గిరిజన పోరాటం రగిలింది. 1965లో హైదరాబాదు వీధులలో దిగంబర కవులు తమ ఆగ్రహాన్ని కవిత్వం చేశారు. ‘ప్రతిద్వంద్వి’ వెలువడిన 1970లోనే, జూలై 4న, విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. కలకత్తాలో ఒక యువకుడు బల్లను తోసివేస్తున్న కాలానికి తెలుగు యువకులు అదే వయసులో, అదే అసహనంతో ఉన్నారు.

మొదటి ప్రశ్న, చివరి బల్ల

చిత్రం ఒక ఉద్యోగపరీక్షతో మొదలై, మరొక ఉద్యోగపరీక్షతో పరాకాష్ఠకు చేరుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకపోతే రెండవ దానిలోని విస్ఫోటనం అకారణంగానే తోస్తుంది.

మొదటి పరీక్షలో గడచిన దశాబ్దంలో అత్యంత ప్రధానమైన సంఘటన ఏదని సిద్ధార్థుని అడుగుతారు. వియత్నాం యుద్ధమని అతడు సమాధానమిస్తాడు. 1969లో మానవుడు చంద్రునిపై కాలు మోపటం అంతకన్న గొప్పది కాదా అని పెద్దలు విస్తుపోతారు. అంతరిక్ష శాస్త్రం సాగుతున్న తీరును బట్టి చంద్రయాత్ర ఊహింపదగినదే. కాని సాధారణ ప్రజలు అంతటి నిబ్బరంతో పోరాడగలరని ఎవరూ ఊహించలేదని అతని వాదం. అది ఆలోచించి చెప్పిన సమాధానం. దానికి ప్రతిఫలంగా వచ్చిన ప్రశ్న, నీవు కమ్యూనిస్టువా అన్నది. ఉద్యోగం రాలేదు. సిద్ధార్థునికి ఇక్కడ జరిగిన అవమానం తిరస్కారం ఒక్కటే కాదు. తన ఆలోచనను ఆలోచనగా వినకుండా, దానికొక ముద్ర వేసి పంపివేయటం కూడా.

చివరి పరీక్ష నాటికి ప్రశ్నలు, సమాధానాల దశ కూడా దాటిపోతుంది. కొద్దిపాటి ఉద్యోగాలకు ఎందరో వచ్చారు. ఇరుకైన నడవ, ఉక్కపోత, కూర్చునేందుకు చాలినన్ని కుర్చీలు లేవు. నిలబడలేక ఒకడు సొమ్మసిల్లి పడిపోతాడు. సిద్ధార్థుడు మరికొందరితో లోపలికి వెళ్లి పరిస్థితిని మర్యాదగానే విన్నవిస్తాడు. ఆ విన్నపాన్ని ఎవరూ పట్టించుకోరు. అతడు తిరిగి వచ్చి నిలబడతాడు. అప్పుడు ఒక విచిత్ర దృశ్యం అతని కళ్లకు కడుతుంది. గోడలవెంట నిలబడి, చతికిలబడి ఉన్న అభ్యర్థులంతా ఎముకలగూళ్లుగా కనిపిస్తారు. ఇంతలో లోపలివారు భోజనానికి లేవబోతున్నారని తెలుస్తుంది. సిద్ధార్థుడు దూసుకువెళతాడు, బల్ల తిరగబడుతుంది.

ఆ ఎముకలగూళ్లను కేవలం భయానక కల్పనగా భావించరాదు. సిద్ధార్థుడు వైద్యశాస్త్రం చదివినవాడు. చిత్రంలో అంతకుముందే, వీధి దాటుతున్న ఒక యువతిని చూసినప్పుడు, అతని మనసు తరగతి గదిలో విన్న శరీరనిర్మాణ పాఠంలోకి జారిపోతుంది. ప్రపంచం తట్టుకోలేనిదైనప్పుడల్లా అతనికి ఆసరా అయ్యే భాష, సగంలో ఆగిపోయిన ఆ చదువే. నడవలో కూడా అదే జరిగింది. తోటి అభ్యర్థులను అతడు వైద్యుని కన్నుతో చూశాడు, రోగనిర్ణయం చేశాడు. నాడి చూడవలసిన వానిని అభ్యర్థిగా నిలబెట్టిన వ్యవస్థ మీద అతని చేయి లేచింది. కనుక ఆ విస్ఫోటనం హఠాత్తుగా కనిపించినా, అకారణమైనది కాదు.

జరగని హింసలు

ఈ ఘట్టాన్ని వ్యాఖ్యానించటానికి మరొక మార్గం ఉంది. చిత్రంలో సిద్ధార్థుడు చేయని హింసలను లెక్కించటం.

అద్దంలో తన ముఖం చూసుకుంటూ అతడు తనను గడ్డం పెంచిన చే గువేరాగా ఊహించుకుంటాడు. ఊహ అక్కడితో ఆగుతుంది. చెల్లెలి పై అధికారి సాన్యాల్‌ను నిలదీయటానికి అతని ఇంటికి వెళతాడు; పిస్తోలుతో కాల్చినట్లు మనసులో అనుకుంటాడు; ఏమీ చేయకుండానే బయటపడతాడు. ఒక కారు ప్రమాదం తరువాత జనం డ్రైవరును చితకబాదుతూంటే ఆ ఆవేశంలో తానూ ముందుకు ఉరుకుతాడు; కారులో కూర్చున్న బడిపిల్ల బెదిరిన ముఖం చూసి వెనుదిరుగుతాడు.

ఈ మూడు సందర్భాలలోను కోపం ఉంది. మూడింటిలోను అది క్రియగా మారలేదు. ఎందువల్ల? చే గువేరా వేషం తనది కాదు, తమ్ముని నుంచి ఎరువు తెచ్చుకున్నది. సాన్యాల్ మీద కోపంలో ఇంటి పరువు, అన్నగా తన అధికారం, సంపాదన లేనివాని చిన్నతనం కలగాపులగమై ఉన్నాయి. చెల్లెలు కోరని రక్షణ అది. వీధిలోని గుంపు కోపానికి వివేకం లేదు. అది ధనికుని కారును చూసి డ్రైవరు మీద పడింది. నాలుగవ సందర్భం వీటికి భిన్నమైనది. నడవలో సిద్ధార్థుని కోపం తన కోసం మాత్రమే కాదు. సొమ్మసిల్లిన వాని కోసం, గోడకు చేరగిలబడినవారందరి కోసం. లక్ష్యం కూడా స్పష్టమే. అతడు ఎవరినీ చంపలేదు; అధికారానికి అభ్యర్థికి నడుమ అడ్డుగా నిలిచిన ఒక వస్తువును పడదోశాడు. తాను నమ్మలేని మూడు కోపాలను త్రోసిపుచ్చి, నమ్మదగిన ఒక్క కోపం దగ్గర మాత్రమే సిద్ధార్థుడు తనను తాను విడిచిపెట్టుకున్నాడని చెప్పటం సమంజసం.

అమర్షమనే భావం

భారతీయ అలంకారశాస్త్రం ఈ సందర్భంలో ఆశ్చర్యకరంగా ఉపకరిస్తుంది. రౌద్రరసానికి స్థాయీభావం క్రోధం. నాట్యశాస్త్రం రౌద్రాన్ని రాక్షసులకు, దానవులకు, ఉద్ధతులైన మనుష్యులకు చెందినదిగా చెప్పింది. సిద్ధార్థుడు ఉద్ధతుడు కాడు. అతని ప్రవర్తనను రౌద్రమనటం కుదరదు. అయితే భరతుడు పేర్కొన్న ముప్పది మూడు వ్యభిచారీభావాలలో ‘అమర్షం’ అనేది ఒకటి ఉన్నది. విద్యలో, ఐశ్వర్యంలో, బలంలో తమకన్న అధికులైనవారు ఆక్షేపించినప్పుడు, అవమానించినప్పుడు మనిషికి కలిగే సహింపరానితనమే అమర్షం. తల కంపించటం, చెమట పట్టటం, ముఖం వంచుకొని ఆలోచించటం, ఉపాయాన్ని వెదకటం దాని అనుభావాలు.

నడవలోని సిద్ధార్థుని చూసినవారికి ఈ వర్ణన ఎంత సన్నిహితమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. తొలి చిత్రంలోనే ఈ పాత్ర ధరించిన ధృతిమాన్ చటర్జీ నటన అంతా ఈ అనుభావాల మీదనే ఆధారపడింది. అతడు గొంతు పెంచేది చాలా అరుదు. దించిన చూపు, బిగిసిన దవడ, నుదుటి మీది చెమట, ఇవే అతని సాధనాలు. క్రోధం ఎదుటివానిని నాశనం చేయగోరుతుంది. అమర్షం తన మానాన్ని నిలబెట్టుకోగోరుతుంది. ఈ రెంటికీ గల భేదాన్ని గుర్తించనివారు సిద్ధార్థునిలో ఒక దౌర్జన్యపరునో, ఒక విఫల విప్లవకారునో చూస్తారు.

ఆనాటి వామపక్ష విమర్శకులలో కొందరికి చిత్రం మీద ఉన్న ఫిర్యాదు ఈ రెండవ కోవకు చెందినదే. విప్లవంలో ఉన్న తమ్ముని విడిచి, ఊగిసలాడే అన్నను కథానాయకుని చేయటమెందుకని వారి ప్రశ్న. తమ్ముని ధైర్యాన్ని, నిశ్చయాన్ని తాను గౌరవిస్తానని, అయితే ఒక మార్గానికి కట్టుబడిన వానికంటే సంశయంలో ఉన్నవాడే కళాకారునిగా తనను ఆకర్షించాడని రాయ్ ఆనాటి సంభాషణలలో వివరించారు. ఏ పక్షం ఆదేశమూ లేకుండా, ఒక మనిషి లోపలి నుంచి పుట్టిన నిరసనకు ఆయన ఎక్కువ విలువ ఇచ్చారు. విమర్శకుల ఫిర్యాదులోనూ సత్యం లేకపోలేదు. సిద్ధార్థుని చర్య వల్ల నడవలో ఉన్నవారికి ఒక్క కుర్చీ కూడా అదనంగా రాలేదు. అతడు కలకత్తాను, కేయ అనే స్నేహితురాలిని విడిచి, మందుల కంపెనీ ప్రతినిధిగా బాలూర్ ఘాట్ అనే చిన్న ఊరికి వెళ్లవలసి వచ్చింది. వైద్యుడు కాదలచినవాడు మందులు అమ్మటానికి వెళ్లాడు. రాయ్ ఈ పరాజయాన్ని దాచలేదు.

దేవదాసు నుంచి సిద్ధార్థుని వరకు

బెంగాలీ కథానాయకుని కోపానికి ఒక సుదీర్ఘ చరిత్ర ఉంది. 1917లో అచ్చయిన శరత్ చంద్రుని నవలలో దేవదాసు కోపం పార్వతి నుదుటి మీద గాయంగా మిగులుతుంది. ఆ తరువాత మద్యమై తన శరీరం మీదనే తిరగబడుతుంది. 1935లో ప్రమథేశ్ బారువా కలకత్తాలో, 1953లో వేదాంతం రాఘవయ్య తెలుగులో ఈ కథను తెరకెక్కించారు. అక్కినేని నాగేశ్వరరావు ధరించిన దేవదాసు తెలుగువారి ఇంటి మనిషి అయ్యాడు. తండ్రిని ఎదిరించలేనివాడు ప్రేమించిన స్త్రీని కొట్టాడు, తరువాత తనను తాను దహించుకున్నాడు. మన రెండు సాహిత్యాలూ అతని కోసం కన్నీరు కార్చాయి.

ఋత్విక్ ఘటక్ 1952లో పూర్తి చేసిన ‘నాగరిక్’ ఉద్యోగం కోసం తిరిగే యువకుని కథ. ఆ చిత్రం దర్శకుని మరణానంతరం 1977లో గాని ప్రేక్షకుల ముందుకు రాలేదు. ఘటక్ ‘మేఘే ఢాకా తారా’ (1960)లో కుటుంబాన్ని మోసి మోసి క్షయకు గురైన నీత, కొండల నడుమ తనకు బ్రతకాలని ఉందని ఆక్రోశిస్తుంది. అది కూడా ఒక విస్ఫోటనమే. అయితే దానిని వినటానికి కొండలు తప్ప అధికారులెవరూ లేరు.

‘ప్రతిద్వంద్వి’ తరువాతి సంవత్సరం మృణాల్ సేన్ ‘ఇంటర్వ్యూ’ వచ్చింది. మంచి ఉద్యోగానికి పాశ్చాత్య వేషం తప్పనిసరి. చాకలి దుకాణాల సమ్మె వల్ల సూటు చేతికి రాదు. ఎరువు తెచ్చుకున్నది దారిలో పోతుంది. ధోవతి కట్టుకొని వెళ్లిన రంజిత్‌కు ఉద్యోగం దక్కదు. చివర అతడు దుకాణపు అద్దాన్ని రాయితో పగులగొట్టి, బొమ్మకు తొడిగిన సూటును చించివేస్తాడు. స్వాతంత్ర్యం వచ్చి ఇరవై నాలుగేళ్లయినా వదలని వలస మనస్తత్వం మీద విసిరిన రాయి అది. 1974లో శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’ చివరి దృశ్యంలో తెలంగాణ పల్లెలోని ఒక బాలుడు దొర ఇంటి కిటికీ మీదికి రాయి విసిరాడు. నాలుగేళ్ల వ్యవధిలో మూడు చిత్రాలు, మూడు చేతులు, మూడు వస్తువులు! దేవదాసు తన మీదికి తిప్పుకున్న కోపం 1970 తరువాత బయటకు, కారకమైన చోటుకు తిరిగిందన్నది చరిత్రకారుడు గమనింపదగిన విషయం.

కలకత్తా దర్శకులు ఈ చింతనతోనే తెలుగు నేలకు కూడా వచ్చారు. ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’లో ఆగ్రహం పనిచేయటానికే నిరాకరించటంగా కనిపిస్తుంది. 1980లో విడుదలైన గౌతమ్ ఘోష్ ‘మాభూమి’లో అది సాయుధ పోరాటమవుతుంది. 1981 నాటి ‘ఆకలి రాజ్యం’లో కె. బాలచందర్ నిరుద్యోగ యువకుని నోట శ్రీశ్రీ కవిత్వం పలికించి, సిద్ధార్థుని సోదరుడొకనిని తెలుగు ప్రేక్షకులకు పరిచయం చేశారు. ఇదే కాలంలో, 1973 నుంచి, హిందీ వ్యాపారచిత్రం కోపాన్ని కథానాయకుని వృత్తిగా మార్చివేసింది. అక్కడ కొట్టినవాడే గెలుస్తాడు. సిద్ధార్థుని కోపం ఒక్కసారి వచ్చి, ఓడిపోయి, ఆలోచనను మిగిల్చింది.

బల్ల తిరగబడనప్పుడు

త్రయంలోని మిగిలిన రెండు చిత్రాలను చూస్తే సిద్ధార్థుని చర్యకు మరింత విలువ కలుగుతుంది. ‘సీమాబద్ధ’లో శ్యామలేందు విద్యుత్ పంకాలు తయారుచేసే కంపెనీలో అధికారి. లోపమున్న సరుకును ఎగుమతి చేయవలసిన ఇరకాటం నుంచి తప్పించుకోవటానికి అతడు కర్మాగారంలో అలజడి సృష్టిస్తాడు, కాపలావాడొకడు గాయపడతాడు, శ్యామలేందుకు పదోన్నతి లభిస్తుంది. ఒక చిత్రంలో ఉక్కపోతలో నిలబడినవాడు, మరుసటి చిత్రంలో పంకాలు అమ్మేవాడు! ‘జన అరణ్య’లో సోమనాథ్ ఉద్యోగం దొరకక దళారీ అవుతాడు. ఒక కాంట్రాక్టు కోసం, తెలియక వెళ్లి, తెలిసిన తరువాత కూడా, మిత్రుని చెల్లెలినే కొనుగోలుదారునికి అప్పగిస్తాడు. పని దొరికిందని తండ్రికి చెబుతాడు. తండ్రి ఊరట చెందుతాడు. ఈ ఇద్దరూ ఏ బల్లనూ పడదోయలేదు. ఎవరి మీదా గొంతెత్తలేదు. మర్యాదస్తులుగానే మిగిలారు. కాని త్రయంలోని అసలైన హింస వీరి చేతుల మీదుగానే జరిగింది. ఆగ్రహాన్ని మాత్రమే ప్రమాదంగా భావించే సమాజం ఆగ్రహం చచ్చిపోవటంలోని ప్రమాదాన్ని గుర్తించదన్నది ఈ మూడు చిత్రాల సారాంశం.

కథానాయకుని పేరు కూడా ఆలోచింపదగినదే. శాక్యవంశపు సిద్ధార్థుడు వృద్ధుని, రోగిని, శవాన్ని, సన్న్యాసిని చూసి ఇల్లు విడిచాడు. కలకత్తా సిద్ధార్థుడు తండ్రి శవాన్ని చూశాడు, నడవలో సొమ్మసిల్లిన వానిని చూశాడు, బ్రతికి ఉన్నవారిలోనే అస్థిపంజరాలను చూశాడు. బాలూర్ ఘాట్‌లో, చిన్ననాడు విని ఆ తరువాత ఎంత వెదకినా దొరకని పక్షికూత వినిపిస్తుంది. అదే సమయంలో రామనామంతో సాగుతున్న శవయాత్ర ధ్వని కూడా వినిపిస్తుంది. అతనికి లభించినది నిర్వాణం కాదు. అయినా పక్షికూతను గుర్తుపట్టగల చెవి అతనిలో బ్రతికే ఉంది. సోమనాథ్‌కు ఆ చెవి మిగలలేదు.

చిత్రం పేరు ‘ప్రతిద్వంద్వి’. ఎవరికి ఎవరు ప్రత్యర్థి? పరీక్షాధికారులు సిద్ధార్థునికి శత్రువులు కారు. అతని పేరు కూడా వారికి గుర్తుండదు. ఆ పెద్దలలో క్రూరుడెవడూ లేడు. వారు చేసిన అపరాధం ఒక్కటే: మర్యాదగా వచ్చిన విన్నపాన్ని వినలేదు. విన్నపానికీ విస్ఫోటనానికీ మధ్య ఎంతో కొంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో కొన్ని కుర్చీలు, కాసిన్ని మంచినీళ్లు, ఒక్క మంచిమాట చాలి ఉండేవి. అందుకే ఈ ఘట్టం మనస్తత్వ శాస్త్రానికీ, రాజకీయ చరిత్రకే కాక పరిపాలనకు కూడా సంబంధించినది. 2022లో పునరుద్ధరింపబడిన ‘ప్రతిద్వంద్వి’ ప్రతిని కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించినప్పుడు, కలకత్తా పేరు కోల్‌కతాగా మారి రెండు దశాబ్దాలు దాటింది. అయితే ఉద్యోగ ప్రకటన వెలువడిన ప్రతిచోటా, తలుపు ఇవతల, అలాంటి నడవ ఒకటి ఉంటూనే ఉంది. సిద్ధార్థుని ఆగ్రహాన్ని అర్థం చేసుకోగోరేవారు పడిపోయిన బల్లను చూసి ఆగిపోక, ముందుగా ఆ నడవను చూడవలసి ఉంటుంది.